నోరు మూసుకున్న విశ్వాసం

పోయిన నెల కూడిక అయిన తరువాత టీ తాగుతూ ఒక పెద్దాయన అన్నమాట నా చెవిలో ఇంకా గింగురుమంటూనే ఉన్నది. "ఇంట్లో ప్రార్థన చేసుకుంటే చాలదా తమ్ముడూ? నలుగురికీ చెప్పడం దేనికి? అన్ని మతాలవారున్న ఊరు, నోరు విప్పితే తగాదా" అన్నారు. ఆయన ఆదివారం ఆరాధన మాననివారు. అందుకనే జవాబు చెప్పక తప్పదు. ఈ పత్రిక చదివేవారిలో క్రైస్తవేతరులే ఎక్కువన్న సంగతి నాకు తెలుసు. వారి ఎదుట అనలేని మాట చాటున అనడం నాకిష్టం లేదు.

అన్ని మతాల ఊరు గనుక మూగనోము పట్టాలట! అయ్యా, మన పెద్దలు పిట్ స్ట్రీటు అని పిలిచిన వీధిలో ఒకసారి నడవండి. పై చివర 1818 నాటి సెయింట్ జార్జి చర్చి, ఆపైన కువాన్ యిన్ గుడి, పక్క వీధిలో మారియమ్మన్ కోవెల, కిందుగా కపితాన్ కెలింగ్ మసీదు. గంట మోగుతుంది, అగరుపొగ లేస్తుంది, అజాన్ వినిపిస్తుంది. ఎవరు తమ నమ్మకానికి దుప్పటి కప్పారు? ముస్లింల మధ్య ఇతర మతబోధను కట్టడి చేసే అధికారం రాజ్యాంగం 11వ అధికరణం రాష్ట్రాలకిచ్చింది. ఆ గీత దాటమని నేననడం లేదు. ఆ గీతను సాకు చేసుకొని పక్కింటి తెలుగువాడి దగ్గర కూడా తడబడుతున్నామే, దాని సంగతి అడుగుతున్నాను.

"చెప్పడం పాస్టరుగారి పని" అనేవారు మరికొందరు. ఒంగోలు సీమలో ఈ మాట చెల్లదు. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. జీతం లేదు, బిరుదు లేదు. తోళ్ళు కొనడానికి వెళ్ళిన ఊరల్లా అతనికి బోధించే చోటే. 1867 జనవరిలో క్లౌ దొర పేరయ్య ఊరి దగ్గర చింతతోపులో దిగేసరికి, వినడానికి సిద్ధమైన జనం అక్కడ ఉన్నారు. ఆ కొద్ది రోజుల్లోనే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర కోసిన పంటకు దుక్కి దున్నినవాడు పేరయ్య.

కూటికోసం మారారని ఎత్తిపొడిచే మిత్రులకూ ఒక మాట. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. అన్నానికి ఆశపడి వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కూలిపనులు ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎర చూపి పిలవడం పంచుకోవడం కాదని ఆయనకు తెలుసు. మనలో కొందరికి ఇంకా తెలియదు, అది వేరే వ్యాసం.

పరదేశం వచ్చినవాళ్ళం మనమేం చేయగలమంటారా? నాటాలు తోటల్లో కూలీలైన తెలుగువారి కోసం తెలుగు బాప్టిస్టుల సొంత సువార్త సంఘం 1903లో జాన్ రంగయ్యను పంపింది. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీలో తెలుగు సంఘం ఏర్పడింది. ఒంగోలు, నెల్లూరు సీమల పేదల కుటుంబాలు సముద్రం అవతలివారిని తలుచుకున్నాయి. మనం మెట్టు దిగి కింది అంతస్తుకు వెళ్ళలేకపోతున్నాం.

"మనం" అని వ్రాసి తప్పించుకోవడం కూడా సరికాదు. మా ఫ్లాటు ఎదురింట్లో ఒక ముసలి చీనాయన పదకొండేళ్ళు ఉన్నారు. పండుగకు మేము అరిసెలిస్తే ఆయన నారింజలు ఇచ్చేవారు. నేను నమ్మినదేమిటో ఒక్కరోజూ చెప్పలేదు, మర్యాద అనుకున్నాను. ఆయన పోయాక కొడుకు అన్నాడు: "అంకుల్, ఆసుపత్రిలో నాన్న భయపడి, ఎవరైనా ప్రార్థన చేస్తే బాగుండునన్నారు. మీరు చేస్తారని మాకు తెలియదు." ఎదురెదురు తలుపులు, మధ్య ఆరడుగులు. నేను రోజూ రాత్రి మోకాళ్ళూనుతూనే ఉన్నాను.

పెద్దాయనకు నా మనవి ఇది. మీ అమ్మగారు మీకు నేర్పిన మొదటి ప్రార్థన ఏదో మీ మనవడికి తెలుసా? ఇంట్లో ఉంటే చాలునన్నారు గదా, ఇంట్లోనైనా ఉన్నదేమో అడిగి చూడండి. మీ జవాబు ఎంత కటువుగా ఉన్నా వచ్చే సంచికలో వేస్తామని సంపాదకులు మాటిచ్చారు.