నమూనా పక్కన స్కేలు రాయండి

పిల్లలూ! ప్లాస్టిక్ జీపు కిట్టును మీలో కొందరైనా చూసి ఉంటారు. పెట్టె విప్పితే చక్రాలు, సీట్లు, స్టీరింగు, ఇంజను మూత అన్నీ ఒక చట్రానికి కాయల్లా అంటుకుని ఉంటాయి. వాటిని కత్తిరించి, అతికించి, రంగు వేస్తే అరచేతిలో ఇమిడే మిలిటరీ జీపు తయారవుతుంది. "చదువుకునే పిల్లలకు ఈ ఆటలెందుకు?" అంటారు కొందరు పెద్దలు. నా అభిప్రాయం వేరు. ఇది ఆటే, కాని చేతిలో కొలబద్ద ఉంటే మంచి పాఠం కూడా.

జీపు యుద్ధంలో పుట్టిన బండి. తేలికగా ఉండి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే వాహనం కావాలని 1940లో అమెరికా సైన్యం కోరింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఇలాంటివి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వారు బొంబాయిలో వీటిని బిగించడం మొదలుపెట్టారు. ఆ తరువాత చాలాకాలం మన పల్లెల్లో పోలీసులు వచ్చినా, ఎన్నికల ప్రచారం వచ్చినా జీపు మీదనే.

ఇలాంటి కిట్టు పెట్టె మీద తరచుగా 1:35 అని ఉంటుంది. అసలు జీపు పొడవు దాదాపు 335 సెం.మీ. దానిని 35తో భాగిస్తే 9.6 సెం.మీ. వస్తుంది. మరి బరువు? అసలు జీపు దాదాపు 1,100 కిలోలు. దానిని కూడా 35తో భాగిస్తే 31 కిలోలు రావాలి! అరచేతిలో బొమ్మ అంత బరువుంటుందా? ఉండదు. పొడవు 35 రెట్లు తగ్గితే వెడల్పూ, ఎత్తూ కూడా అంతే తగ్గుతాయి. అంటే ఘనపరిమాణం 35×35×35, అనగా 42,875 రెట్లు తగ్గుతుంది. అదే ఇనుముతో చేసినా ఆ చిన్న జీపు దాదాపు 26 గ్రాములే తూగుతుంది.

ఇంకొక సంగతి చూడండి. జీపు రేకు మందం ఒక మిల్లీమీటరు అనుకుందాం. దానిని 35తో భాగిస్తే మన నోటుపుస్తకం కాగితం కంటే పలచన. ప్లాస్టిక్‌ను అంత పలచగా పోస్తే నిలవదు. అందుకని కిట్టులో కూడా దాదాపు ఒక మిల్లీమీటరే ఉంచుతారు. లెక్క ప్రకారం అది మూడున్నర సెంటీమీటర్ల మందం ఉన్న రేకు! అంటే ప్రతి నమూనా ఎక్కడో ఒకచోట అబద్ధం చెబుతుంది. అది తప్పు కాదు. ఎక్కడ చెబుతోందో తెలియకపోవడమే తప్పు.

మన బడుల్లో సైన్స్ ప్రదర్శనల సంగతి ఇక్కడే చెప్పాలి. థర్మోకోల్ బంతులతో చేసిన సౌరకుటుంబం లేని ప్రదర్శన ఉందా? అందులో సూర్యుడు బత్తాయి అంత, పక్కనే భూమి నిమ్మకాయ అంత. నిజానికి సూర్యుణ్ణి 14 సెం.మీ. బంతిగా చేస్తే భూమి ఆవగింజ కంటే పెద్దది కాదు. దానిని 15 మీటర్ల దూరంలో, తరగతి గది బయట పెట్టాలి. ఈ సంగతి ఒక అట్టముక్క మీద రాసి పెడితే చూసినవారు నేర్చుకుంటారు. రాయకపోతే అబద్ధాన్నే నేర్చుకుని ఇంటికి పోతారు.

కొలత ఎందుకంత ముఖ్యమో క్రోసూరు పిల్లలు దగ్గరలోని అమరావతికి వెళ్లి చూడవచ్చు. అక్కడి మహాస్తూపం శిథిలమైపోయింది. అయితే శిల్పులు ఆ స్తూపం రూపాన్నే పాలరాయి లాంటి సున్నపురాతి పలకల మీద చిన్నదిగా చెక్కారు. ప్రాకారం, ద్వారాలు, స్తంభాలు ఎలా ఉండేవో మనకు ఆ బొమ్మలే చెబుతున్నాయి. కాని ఎంత పెద్దవో చెప్పవు. అందుకు పండితులు నేల మీద మిగిలిన కట్టడాన్ని కొలవవలసి వచ్చింది.

కనుక నా సూచన ఇది. ప్రదర్శనలో ప్రతి నమూనా పక్కన రెండు వాక్యాలు ఉండాలి: దీని స్కేలు ఎంత, ఇది అసలుదానికి ఎక్కడ భిన్నంగా ఉంది. బహుమతి ఇచ్చేవారు రంగులు చూసే ముందు ఈ రెండూ చదవాలి. కొని తెచ్చిన నమూనాకు ఈ వాక్యాలు రాయడం కష్టం; కొలిచి చేసినవారికి చాలా సులభం.

ఖరీదైన కిట్టు దొరకలేదని చిన్నబోకండి. మిరప టిక్కీలు మోసే ట్రాక్టరు ట్రక్కు మీ వీధిలోనే ఉంటుంది. అది ఆగి ఉన్నప్పుడు, యజమానిని అడిగి, టేపుతో కొలవండి. అన్ని కొలతలనూ 20తో భాగించి, పాత అట్టపెట్టె కత్తిరించి అతికించండి. కిట్టులో లెక్క ఎవరో ముందే చేసి పెట్టారు. ఇక్కడ లెక్క మీదే.