ఎముకలకూ ఒక గ్రంథాలయం కావాలి

అంతరించిన జంతువుల ఎముకలను చదవడంలో జార్జ్ కువియేను మించినవాడు లేడని యూరప్ అంతా ఒప్పుకున్న కాలంలో, 1824లో, ఆయన కత్తుల్లా వంగిన కొన్ని చదును కోరలను పరిశీలించి ఎలుగుబంటి కోరలన్నాడు. కొన్నేళ్ల తరవాత బ్రెజిల్‌లోని లగోవా సాంతా గుహల్లో డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ విల్హెల్మ్ లుండ్‌కు విడి పళ్లు దొరికాయి. ఆయన వాటిని హైనావి అనుకున్నాడు. మరిన్ని ఎముకలు చేరాక 1842లో అది పిల్లి జాతి జంతువని తేల్చి స్మైలోడాన్ అని పేరు పెట్టాడు. కువియే ఎలుగు, లుండ్ హైనా రెండూ ఈనాడు మనం కత్తికోరల పిల్లులంటున్న జంతువులే. ఇద్దరిలో ఎవరి తెలివినీ శంకించలేం. పక్కన పెట్టి పోల్చుకోవడానికి సరైన అస్థిపంజరాలు వాళ్ల దగ్గర లేవు, అంతే. ఎముక ముక్కకు పెట్టే పేరు ఎంత గట్టిగా నిలుస్తుందనేది పెట్టినవారి ప్రతిభకన్నా, పోల్చి చూడటానికి ఉన్న ఎముకల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. తెలుగు నేల మీద అలాంటి పోలిక ఎముకల భాండాగారం ఒకటి ఏర్పడాలి. హైదరాబాద్ ఉత్తర శివార్లలోని మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతం దానికి తగిన చోటు.

ముక్కను గుర్తించే పని ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే ఈ అవసరం అర్థమవుతుంది. పులి, సింహం కోరను అడ్డంగా కోస్తే దాదాపు గుండ్రంగా కనిపిస్తుంది. కత్తికోరల పిల్లి కోర పక్కల నుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. వాటిలో హోమోథీరియం అనే జంతువు కోర అంచున రంపపు పళ్లలాంటి నొక్కులు స్పష్టంగా కనిపిస్తాయి. స్మైలోడాన్‌లో అవి మరీ సన్నం. మెగాంటీరియాన్ అనే మరో కత్తికోరల పిల్లి కోర అంచు నునుపు, కానీ దాని కింది దవడ ముందు భాగం గడ్డం కింద లోతుగా వేలాడే పలకలా పెరుగుతుంది. కోరగానీ, గడ్డం ఎముకగానీ దొరికితే దారి సులువే. అయితే గుహల్లో, నదీ నిక్షేపాల్లో ఎక్కువగా దొరికేవి రెండు కొనలూ విరిగిన కాళ్ల ఎముకలు, పగిలిన వెన్నుపూసలు, విడి వేళ్లు. బతికున్న జంతువుల విషయంలోనే ఇది కష్టం. సింహం కింది దవడను బల్ల మీద పెడితే అడుగంచు వంపు వల్ల ముందుకూ వెనక్కూ ఊగుతుంది, పులి దవడ నిలకడగా కూర్చుంటుంది. దవడ దొరికితే ఇంత తేలిక. అదే తొడ ఎముక నడిమి ముక్క మాత్రమే దొరికితే, పదుల కొద్దీ అస్థిపంజరాలు కొలిచినవారు కూడా పెద్ద పిల్లి అనే చెప్పి ఆగిపోవాలి. పైగా ఆడ, మగ, కూన, ముసలి అన్నిటి కొలతలూ వేరు. ఒకే ఒక్క నమూనా చూసి ఇది ఆ జాతే అనడం సాహసం.

ఈ సమస్య మన ఇంట్లోనే ఉంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల గురించి 1844లోనే బ్రిటిష్ అధికారి న్యూబోల్డ్ రాశాడు. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన ఎముకలను రిచర్డ్ లిడెకర్ పరీక్షించి 1886లో జాబితా ప్రకటించాడు. అందులో కత్తికోరల పిల్లి లేదు. పులి, చిరుత ఉన్నాయి. వాటితోపాటు ఈనాడు ఆఫ్రికాలో మాత్రమే తిరిగే చుక్కల హైనా, పెద్ద అలుగు కూడా చేరాయి. ఆ పెద్ద అలుగుకు ఆధారం ఒక వేలి ఎముక. ఇక 2014లో ప్యాట్రిక్ రాబర్ట్స్ బృందం బిల్లసుర్గం నిక్షేపాలను తిరిగి పరిశీలించి, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 నేటిదాకా ఉపఖండంలో కొనసాగాయని తేల్చింది. రెండు లక్షల ఏళ్లలో వాతావరణం ఎన్ని మలుపులు తిరిగినా, మనిషి వచ్చి చేరినా, మన జంతువులు మిగతా ఖండాల్లోలా మూకుమ్మడిగా పోలేదన్నది ఎంతో విలువైన మాట. ఆ మాట ఇలాంటి గుర్తింపుల మీదే నిలబడి ఉంది. ఆ వేలి ఎముక ఆఫ్రికా అలుగుదైతే మనం పోగొట్టుకున్నవాటి లెక్క పెరుగుతుంది, మన అడవుల్లోని అలుగుదైతే తగ్గుతుంది. పెద్ద సిద్ధాంతం చిన్న ఎముక మీద వాలి ఉన్నప్పుడు, ఆ ఎముకను మళ్లీ మళ్లీ పోల్చి చూసుకునే వసతి మన దగ్గరే ఉండాలి.

షామీర్‌పేటే ఎందుకని అడగవచ్చు. అక్కడి బండలు సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. వాటిలో శిలాజాలు దొరకవు, నిజమే. కానీ భాండాగారానికి కావలసింది శిలాజాల గని కాదు. పరికరాలు, పరిశోధకులు, విద్యార్థులు, రోడ్డు సౌకర్యం కావాలి. పక్కనే తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం అక్కడే ఉంది. జవహర్ జింకల పార్కూ ఉంది. అటు అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, పట్టుబడ్డ మాంసం, ఎముకలు ఏ జంతువువో తేల్చి వన్యప్రాణి కేసులకు ఆధారాలిస్తోంది. పార్కులో సహజంగా చనిపోయిన ఒక జింక అస్థిపంజరాన్ని శుభ్రం చేసి, వయసు, లింగం, చనిపోయిన తేదీ రాసి పెట్టెలో భద్రపరిస్తే, గుహలో దొరికిన జింక ముక్కకు అదే కొలబద్ద అవుతుంది.

డీఎన్ఏ పరీక్ష వచ్చాక ఎముకలను పోల్చే పాత పద్ధతి ఎందుకనేది మొదటి అభ్యంతరం. దానికి జవాబు హోమోథీరియం కథలోనే ఉంది. 2000లో ఉత్తర సముద్రంలో చేపల వలకు ఒక దవడ ముక్క చిక్కింది. ఆకారాన్ని బట్టి అది హోమోథీరియందని, కాలాన్ని బట్టి 28 వేల ఏళ్ల నాటిదని 2003లో ప్రకటించారు. అప్పటిదాకా యూరప్‌లో ఆ జంతువు సుమారు మూడు లక్షల ఏళ్ల కిందటే మాయమైందనుకునేవారు. 2017లో డీఎన్ఏ ఆ గుర్తింపును బలపరచింది. ముందు ఎముకను చదివారు, తరవాత జన్యువు సాక్ష్యం చెప్పింది. అదీ చల్లటి సముద్రంలో దొరికిన ఎముక కాబట్టి సాధ్యమైంది. మన ఎండకు, వానకు వేల ఏళ్లు నానిన ఎముకలో డీఎన్ఏ మిగలడం కష్టం. శివాలిక్ కొండల మెగాంటీరియాన్ లాంటి లక్షల ఏళ్లనాటి మన కత్తికోరల పిల్లుల విషయంలో ఆకారమే దిక్కు.

రెండో అభ్యంతరం భద్రత. పెద్దపులి చనిపోతే పోస్టుమార్టం తరవాత కళేబరాన్ని అధికారుల సమక్షంలో కాల్చివేసే పద్ధతి పులి ఎముకల దొంగ వ్యాపారం భయంతోనే వచ్చింది. ఆ భయం న్యాయమైనదే, అడవిలో ఆ నియమాన్ని సడలించమని ఎవరూ కోరకూడదు. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 12వ సెక్షన్ విద్యకు, పరిశోధనకు, మ్యూజియం నమూనాలకు అనుమతులిచ్చే వీలు కల్పించింది. జంతు ప్రదర్శనశాలలో చనిపోయిన పులి, సింహం, చిరుతల అస్థిపంజరాలను ఆ దారిలో, ప్రతి ఎముకకూ సంఖ్య వేసి, తాళం, కెమెరా, ఏటేటా తనిఖీ పెట్టి భద్రపరచవచ్చు. లెక్కలో ఉన్న ఎముక మాయమైతే వెంటనే తెలుస్తుంది. పైగా దొంగ ఎముకను పట్టుకున్న అధికారికి పోలిక కోసం అవసరమయ్యేది ఈ భాండాగారమే.

విదేశీ మ్యూజియంలు త్రీడీ స్కాన్లు ఇస్తున్నప్పుడు ఇంత ఖర్చు దేనికనేవారూ ఉంటారు. స్కాన్లు తప్పక వాడుకోవాలి. కానీ లాస్ ఏంజెలిస్ తారు గుంటల్లో రెండు వేలకు పైగా స్మైలోడాన్‌ల ఎముకలు దొరకబట్టే అక్కడివారు ఆ జంతువు ఎదుగుదలను, గాయాలను వివరంగా చెప్పగలిగారు. మన చిరుతలు, అలుగులు, దుప్పుల్లో ఎంత తేడా ఉంటుందో మన నేల జంతువుల ఎముకలే చెప్పాలి. బ్రిటిష్ పరిశోధకులు ఫాల్కనర్, కాట్లీ 1830ల్లో శివాలిక్‌లో సేకరించిన ఎముకల్లో పెద్ద భాగం లండన్‌కు చేరింది. వాటిని చేత్తో పట్టుకుని నేర్చుకునే అవకాశం మన విద్యార్థికి దాదాపు లేనట్టే. ఇప్పుడు చేజారుతున్నవైనా ఆపుకోవాలి.

ప్రయోజనం చూపించే ఉదాహరణ మన కళ్లముందే ఉంది. యమన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను కూర్చి నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూశాకే డైనోసార్ మన నేల జంతువని ఎందరో పిల్లలకు తెలిసింది. అలాంటి పనికి పునాది ఓపికగా పోల్చి చూడటమే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖలు, విశ్వవిద్యాలయాలు, జూ అధికారులు కలిసి ఒప్పందం చేసుకోవాలి. సహజంగా చనిపోయిన జంతువుల అస్థిపంజరాలను షామీర్‌పేటలో ఒక్క కప్పు కింద చేర్చాలి. పరిశోధకులకు, అటవీ సిబ్బందికి, కాలేజీ విద్యార్థులకు తలుపు తెరవాలి. బిల్లసుర్గంలో రేపు దొరికే ముక్కకు సరైన పేరు పెట్టగల చేతులు ఆ గదిలోనే తయారవుతాయి.