ఎండకన్నెరుగని రంగు

కృష్ణా డెల్టాలో ఒంటిరంగుకు ఉన్న పట్టింపును కేవలం అందచందాల అభిరుచిగా తీసుకోవడానికి వీల్లేదు. అది భూమికీ శ్రమకూ కులానికీ నడుమ ఏర్పడిన సంబంధాల నుంచి పుట్టి, ఆ సంబంధాలు కొంత సడలిన తరువాత కూడా పెళ్లి బేరాల్లో మిగిలిపోయిన విలువ. గుడివాడను ఆనుకొని కొల్లేటి వైపు పరుచుకున్న నందివాడ మండలంలో వరిచేలు అనేకం చేపల చెరువులైనా, నాట్లు వేసేవారూ మేత బస్తాలు మోసేవారూ వలలు లాగేవారూ ఎండలోనే ఉంటారు, వారిలో ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవారు. భూమి ఉన్న కుటుంబాల్లో మాత్రం స్త్రీ పొలంలో దిగకపోవడమే పరువుగా స్థిరపడింది. ఎండకన్నెరుగని మేనిఛాయ ఆ విధంగా ఆస్తికి సాక్ష్యమై, నలుపు కూలికి గుర్తయింది. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టడంతో మొదలైన తెల్లవారి ప్రాబల్యం ఈ భావానికి బలం చేకూర్చి ఉండవచ్చు గానీ, నెపమంతా దొరల మీదికి నెట్టడం ఇంటి లెక్కను దాచుకోవడమే.

ఈ లెక్కకు శాస్త్రం ఆసరా లేదు. చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాని పాళ్లను ప్రభావితం చేసే జన్యువుల్లో ఒకటైన ఎస్‌ఎల్‌సీ24ఏ5లో లేత ఛాయకు కారణమైన మార్పు ఐరోపావారికీ దక్షిణాసియావారికీ ఒకే మూలం నుంచి సంక్రమించిందని, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) పరిశోధకులు పాలుపంచుకున్న అధ్యయనం 2013లో వెల్లడించింది. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు పచ్చగా, మరొకరు నల్లగా ఉండడం ప్రతి ఊళ్లో కనిపించేదే, అయినా రంగును బట్టి కులాన్ని ఊహించే అలవాటు పోలేదు.

ఆ ఏడాదే సెప్టెంబరులో, విజయవాడ నుంచి వలస వెళ్లిన దంపతుల కుమార్తె నీనా దావులూరి మిస్ అమెరికాగా ఎంపికైనప్పుడు రెండు రకాల చూపులు ఒకేసారి బయటపడ్డాయి. అమెరికాలో కొందరు ఆమెను అరబ్బుగా, ఉగ్రవాదిగా దూషించారు, అంటే పరాయి జాతిగా ముద్రవేసి వెలివేసే జాతి వివక్షకు ఆమె గురయింది. ఇక్కడేమో, ఇంత ఛాయ తక్కువ అమ్మాయికి భారతదేశపు పోటీలో కిరీటం దక్కేదా అన్న చర్చ నడిచింది, అంటే తన వారిలోనే ముదురు లేతలను బట్టి హెచ్చుతగ్గులు కట్టే రంగు వివక్ష ఆమెను తూచింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతలో తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చిచంపిన వ్యక్తి, తాను చంపింది ఇరానీయులనని అనుకున్నాడు. ఆ హత్యకు తెలుగు నేల అంతా సరిగానే రగిలింది; అయితే అమెరికా సంబంధాలకు పేరుపడిన ఈ డెల్టాలో వరుడి తరఫువారు వధువులో మొదట వెతికేది తెలుపునే అన్న సంగతి ఆ ఆగ్రహానికి అడ్డురాలేదు. అక్కడ తాము భరించలేని కొలమానంతోనే ఇక్కడ కోడలిని ఎంచుకోవడంలో వైరుధ్యం వారికి తోచదు, ఎందుకంటే మొదటిది అన్యాయంగానూ రెండవది ఇష్టాయిష్టాల వ్యవహారంగానూ చలామణి అవుతున్నాయి. ఛాయ తగ్గితే కట్నం పెంచి సర్దుబాటు చేసే ఆనవాయితీ చూస్తే, ఇష్టానికి ఇంత కచ్చితమైన ధర ఎలా వచ్చిందని అడగక తప్పదు.

చట్టం దగ్గర కూడా ఇదే తేడా ఉంది. అమెరికా 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతితోపాటు రంగును విడిగా పేర్కొని ప్రైవేటు యజమానులకూ వర్తింపజేసింది. మన రాజ్యాంగం 15వ అధికరణలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ఉన్నాయి గానీ రంగు లేదు, పైగా అందులోని మొదటి నిబంధన కట్టడి చేసేది ప్రభుత్వాన్నే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నేరమంది, ఛాయను బట్టి దానికి కట్టే వెలను ప్రస్తావించలేదు. ఓలేతలోని తెలుగు ఉద్యోగికి రంగు కారణంగా ఉద్యోగం పోతే ఫిర్యాదు చేయడానికి ఒక సంస్థ ఉంది. నందివాడలో అదే కారణంగా సంబంధం తప్పిపోయిన అమ్మాయికి అలాంటిదేదీ లేదు, కాబట్టి ఆమె తరఫున మొదట మాట్లాడవలసింది పెళ్లిచూపులకు వెళ్లే పెద్దలే.