బోనస్, చేపల చెరువు, అమ్మ బాత్‌రూము

మొన్న మార్చిలో బోనస్ పడింది. పన్ను పోను చేతికొచ్చింది మూడు లక్షలు. ఆ సాయంత్రం నుంచీ మూడు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళల్లో ఇది ఏటా వచ్చే పండగే అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నా.

నా వాదన ఎక్సెల్ షీటులో ఉంది. ఇంటి అప్పు 40 లక్షలు, వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్ళు. నెలకి 34,700 చిల్లర కడుతున్నాం. మూడేళ్ళు కట్టాక చూస్తే అసలులో తగ్గింది రెండు లక్షల అరవై వేలు! ఇప్పుడు ఈ మూడు లక్షలు ఒకేసారి కట్టేస్తే చివర్లో 32 వాయిదాలు ఎగిరిపోతాయి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పు ముందే తీరిస్తే జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఇంతకన్నా మంచి బేరం ఎక్కడుంది చెప్పండి?

మా ఆవిడ వాదన ఒక్క ముక్క. "ఊళ్ళో అత్తయ్యకి ఇంట్లోపల బాత్‌రూము కట్టిద్దాం."

మాది ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో ఓ పల్లె. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. బాత్‌రూము దొడ్లో ఉంది, వానాకాలం రాత్రి పూట అక్కడిదాకా వెళ్ళడం కష్టమే. నాకు తెలీక కాదు. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నా.

"మావయ్య గారు కూడా ఇదే మాటన్నార్ట" అంది.

నా దగ్గర జవాబు లేదు.

అది 2004 నాటి సంగతి. ఆ ఏడు చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. బాత్‌రూము ఇంట్లోకి కలిపి కట్టిద్దామని అమ్మ. "గోడలో పెట్టిన డబ్బు చచ్చిపోతుంది, నీళ్ళలో పెట్టింది పెరుగుతుంది" అని నాన్న. ఆ డబ్బూ, అమ్మ గొలుసు కుదువ పెట్టి తెచ్చిన డబ్బూ కలిపి కొల్లేట్లో ఓ చేపల చెరువులో వాటా తీసుకున్నారు. బొచ్చె, శీలావతి వేశారు. చెరువు పట్టాక బాత్‌రూము, గొలుసు రెండూ అన్నారు. మొదటిసారి పట్టినప్పుడు వచ్చింది మళ్ళీ మేతకే పోయింది.

కొల్లేట్లో ప్లస్ 5 కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, 1999లోనే అభయారణ్యంగా ప్రకటించారు. ఆ సంగతి నాన్నకీ తెలుసు. "అందరూ వేస్తున్నారుగా" అనేవారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టారు. వాటిల్లో మాదీ ఒకటి. నిజం చెప్పాలంటే కొల్లేరు వైపు న్యాయమే ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళకి అడ్డంగా గట్లేసుకుంటూ పోతే అవి ఉప్పుటేరు దాకా ఎలా పోతాయి?

గొలుసు పోయినందుకు అమ్మ పెద్దగా ఏడవలేదు. "నన్నొక్క మాట అడగలేదు" అని మాత్రం ఇప్పటికీ అంటుంది. నాన్న దాన్ని పొదుపన్నారు. అది జూదం. అదీ అమ్మ గొలుసుతో ఆడిన జూదం.

అలాగని ఖర్చు పెట్టేవాళ్ళదే రైటు అనటం లేదు. మా ఆవిడది తాడేపల్లిగూడెం, మావగారిది ఉల్లిపాయల వ్యాపారం. ఉల్లిపాయ దాచుకుంటే కుళ్ళిపోతుంది, ధర పడిపోతే రవాణా ఖర్చులు కూడా రావు. అందుకని ఆ ఇంట్లో డబ్బొచ్చిన రోజే వాడుకోవటం అలవాటు. మంచి ఏడాది ఫ్రిజ్జు కొన్నారు, చెడ్డ ఏడాది అత్తగారి గాజులు తాకట్టు పెట్టి కాలేజీ ఫీజు కట్టారు. ఆ తాకట్టు సంగతి అత్తగారికి చెప్పింది గాజులు బీరువాలోంచి తీశాకే!

అంటే పొదుపు చేసే ఇంట్లోనూ, ఖర్చు చేసే ఇంట్లోనూ తప్పు ఒక్కటే. నిర్ణయం ఒకరిది, నష్టం ఇద్దరిదీ. 2016 నవంబరులో 500, 1000 నోట్లు రద్దు చేసినప్పుడు గుర్తుందా? పోపుల డబ్బాల్లోంచి, చీరల మడతల్లోంచి ఎంత డబ్బు బయటికొచ్చిందో! అప్పుడు దాని మీద జోకులేసుకున్నాం. మొగుడు దాస్తే పొదుపు, పెళ్ళాం దాస్తే దొంగ సొమ్ము అన్నట్టు. అడిగి, అడిగించుకునే వీలుంటే ఏ ఆడదైనా తన ఇంట్లోనే డబ్బు ఎందుకు దాక్కుని దాచుకుంటుంది?

నేను షీటు చూపించి గెలుద్దామనుకున్నా. కానీ అందులో అమ్మ మోకాళ్ళకి గడి లేదు. అప్పు మీద వడ్డీ వచ్చే ఏడాదీ అంతే ఉండొచ్చు, డెబ్భై దాటిన మనిషి నడక మాత్రం అలా ఉండదు. కొన్ని ఖర్చులు వాయిదా వేస్తే మిగిలేవి కావు, పనికి రాకుండా పోయేవి.

నేను తేల్చుకున్నది ఇదీ. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా ఎవరూ ఈ వాదనలోకి దిగకూడదు, మన ఉద్యోగాలు అలాంటివి. అది ఉన్నాక, మనిషి ఒంటికి సంబంధించింది ముందు. పొదుపు పేరుతో ఎక్కడ పెట్టినా ఆ కాయితాలు ఇద్దరూ చదవాలి, ఇద్దరిలో ఒకరు వద్దంటే ఆగాలి. ఎంతో కొంత ఇద్దరికీ లెక్క చెప్పక్కర్లేని డబ్బుండాలి.

చివరికి లక్షన్నర బాత్‌రూముకి, లక్షా ఇరవై వేలు అప్పుకి, చెరో పదిహేను వేలు అడగకూడని ఖాతాకి. 32 వాయిదాలు తగ్గాల్సింది 14 తగ్గాయి. 18 నెలలు ఎక్కువ కడతాం. ఆ అంకె చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది, అబద్ధం ఎందుకు :-)

అమ్మకి ఫోన్ చేసి చెప్పా. "ఎందుకురా దండగ, నీకు అప్పుందిగా" అంది. నేను సరేనని పెట్టెయ్యబోతుంటే, "ఒరేయ్, పక్కన పట్టుకుని లేవడానికి రాడ్డు కూడా పెట్టిస్తారా?" అని అడిగింది.