ఫెయిలైతేనే దక్కే కాగితం

బిలాస్‌పూర్‌లోని తెలిపారా. రైల్వేను నమ్ముకుని తాతల కాలంలో ఇక్కడికొచ్చిన తెలుగు కుటుంబం. ఆ ఇంటి కుర్రాడు పాత పుస్తకాన్నే మళ్లీ తెరిచాడు. సమాచార భద్రత పరీక్ష సీఐఎస్ఎస్‌పీలో తప్పాడు మరి. 749 డాలర్ల ఫీజు నీళ్లపాలు. మళ్లీ రాయాలంటే 30 రోజులు ఆగాలి. ఆ తర్వాతా తప్పితే 60 రోజులు.

విచిత్రమేమిటంటే, పాసైనవారికి మార్కులు చెప్పరు. ఎనిమిది విభాగాల్లో ఎక్కడ వెనకబడ్డారో తెలిపే కాగితం ఫెయిలైనవారికే దక్కుతుంది. మనవాడు నెట్‌వర్క్‌లో దిట్ట, రిస్క్ నిర్వహణలో బోల్తా. మూడు గంటల్లో 100 నుంచి 150 ప్రశ్నలు. జవాబిచ్చేశాక వెనక్కి వెళ్లే వీల్లేదు. పైగా నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి. సర్వర్ గదిలో మంటలు లేస్తే మొదట ఏం చేయాలి? సన్నాహక పుస్తకాల్లో తరచూ ఎదురయ్యే తరహా ప్రశ్న ఇది. టెక్నీషియన్ బుద్ధి డేటా వైపు లాగుతుంది. పరీక్ష కోరేది మాత్రం ముందు మనుషుల్ని బయటకు పంపడం.

"ఇది నన్నడిగినా చెప్పేవాణ్ణి కదరా" అన్నాడు తండ్రి, రిటైరైన రైల్వే గార్డు. రెండో ఫీజు సంగతే ఇంట్లో ఇంకా తేలలేదు.