శిక్షకూ శిక్షణకూ నడుమ

మొన్న వేసవిలో మా మేనల్లుడు ఒక పెళ్ళికని వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. వాడు ఒక మందుల కంపెనీలో ఏరియా మేనేజరు. విస్తరి ముందు కూర్చున్నాడో లేదో, ఫోను మ్రోగింది. అవతల ఎవరో కుర్రవాడు, వీడి క్రింద పనిచేసే మెడికల్ రెప్. "నెలాఖరుకు వారమే ఉంది. నీ లెక్క చూసుకున్నావా? పక్క ఊరివాడు చేయగలిగింది నువ్వెందుకు చేయలేవు? కారణాలు చెప్పకు, నాకు ఫలితం కావాలి" అని చారు చల్లారేదాకా ఆ కుర్రవాణ్ణి తోమి, ఫోను పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు "అత్తయ్యా, కాస్త పచ్చడి" అన్నాడు.

ఆ మాటలు నాకు క్రొత్తవి కావు. సుమారు పదిహేనేళ్ళ క్రితం సరిగ్గా ఇవే మాటలు తన మీద పడినప్పుడు, వీడు ఇదే ఇంట్లో, ఇదే వసారాలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఉద్యోగం మానేస్తానన్నాడు. ఆ సంగతి వీడు మరచిపోయాడా, లేక మేనేజరు కుర్చీలో కూర్చోగానే అందరికీ అదే భాష వస్తుందా అన్న సందేహంతో ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముప్ఫై ఏళ్ళకు పైగా సంధులూ సమాసాలూ చెప్పుకుని బ్రతికినవాడికి అమ్మకాల సంగతి ఏం తెలుసునని మిత్రులు అడగవచ్చు. న్యాయమే. పాత సైకిలు అమ్మబోయి, కొన్నవాడికి గాలిపంపు కూడా ఊరికే ఇచ్చి పంపిన చరిత్ర నాది. అయితే ఒకరి చేత ఒక పనిని బాగా చేయించడం ఎలాగన్న ప్రశ్న మాత్రం నా జీవితమంతా నన్ను వెన్నాడినదే.

ముందుగా మాటల సంగతి. (పండితుడన్నవాడు ఈ అలవాటు చావగొట్టుకోలేడు, క్షమించాలి.) సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. ఆరు వేదాంగాలలో ఒకదాని పేరే శిక్ష. అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పే శాస్త్రమది. అదే మాట తెలుగులోకి వచ్చేసరికి దండనకు కూడా పేరైపోయింది. బెత్తం పట్టిన అయ్యవార్లు మన భాషకు చేసిన ఉపకారం ఇది! ఇక ఆంగ్లంలోని కోచ్ అన్న మాట హంగరీ దేశంలో కోచ్ అనే గ్రామంలో తయారైన బండి నుండి పుట్టింది. విద్యార్థిని పరీక్ష గట్టెక్కించే గురువుకు ఆ బండి పేరును ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పంతొమ్మిదవ శతాబ్దంలో వేళాకోళంగా తగిలించారు. బండి పని ఎక్కినవాణ్ణి తనతోపాటు తీసుకుపోవడం. గమ్యస్థానంలో ముందే కూర్చుని "ఇంకా రాలేదేం?" అని కేకలు వేయడం బండి పని కాదు.

మా వాడు ఆ ఉద్యోగంలో చేరినది రాజమండ్రిలో. కాకినాడ, అమలాపురం, రామచంద్రపురం వాడి తిరుగుడు ఊళ్ళు. మెడలో టై, భుజాన బరువైన సంచి, గోదావరి జిల్లాల ఉక్కపోత. రోగులందరూ వెళ్ళేదాకా వైద్యుని గది బయట నిలబడి, లోపలికి పిలిచాక దొరికే రెండు నిమిషాలలో రెండు మూడు మందుల గుణగణాలు చెప్పి రావాలి. రోజుకు పదిమంది వైద్యుల దర్శనం. ఈ వృత్తివారి కోసం 1976లో ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చిందంటే, వారి పని సామాన్యమైన గుమాస్తా పని వంటిది కాదని అప్పుడే గుర్తించారన్నమాట.

మొదటి మేనేజరు చెడ్డవాడేమీ కాదు. ఆయన మీద పైవారి ఒత్తిడి ఉండేది, దానిని ఆయన భద్రంగా క్రిందికి అందించేవాడు, అంతే. నెలకొకసారి సమావేశం. గోడమీద పట్టిక. ఎవరి పేరు ఎదుట ఎంత శాతం ఉన్నదో అందరికీ వినబడేలా చదవడం, తక్కువైనవారిని నిలబెట్టడం. ఏడాదికొకసారి ఒక పెద్ద హోటల్లో రెండు రోజుల శిక్షణ. అక్కడ ఎవరో వక్త వచ్చి "మీలో సింహం ఉంది" అని చెప్పి చప్పట్లు కొట్టించి వెళ్ళేవాడట. మరునాడు రామచంద్రపురంలో వైద్యుని గుమ్మం ముందు సింహం మళ్ళీ చెమటలు కక్కుతూ నిలబడేది.

అప్పుడు వాడు నా సలహా అడిగాడు. నేనేం చెప్పానో వ్రాయడానికి సిగ్గుగా ఉంది. "గొంతు పెంచి, ధైర్యంగా, తడబడకుండా మాట్లాడరా" అన్నాను. వక్తృత్వపు పోటీకి పిల్లవాణ్ణి తయారుచేసినట్టు, వాడి కంపెనీ పాఠాన్ని నాలుగుసార్లు వల్లె వేయించాను. వాడి పనిని నేను ఒక్కనాడూ కళ్ళారా చూడలేదు. చూడని పనికి సలహా చెప్పడంలో ఆ మేనేజరుకూ నాకూ భేదం లేదు.

ఏడాది తిరిగాక క్రొత్త మేనేజరు వచ్చారు. తమిళుడు, తెలుగు తడుముకుంటూ మాట్లాడేవారట. వచ్చిన వారంలోనే మా వాడి మోటారుసైకిలు వెనక కూర్చుని ఊళ్ళు తిరిగారు. దీనిని ఆ వృత్తిలో జాయింట్ వర్క్ అంటారు. మొదటాయనా ఎప్పుడైనా వచ్చేవాడు గాని, లోపలికి వెళ్ళగానే వైద్యునితో తానే మాట్లాడేసేవాడు. ఈయన మూల కుర్చీలో కూర్చుని నోరు మెదపలేదట. బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాక అడిగిన ప్రశ్న ఇది: "మీరు మాట్లాడుతుండగా డాక్టరుగారు ఒక్కసారి తల ఎత్తారు. ఎప్పుడో గమనించారా?"

వీడు గమనించలేదు. పద విభాగం తెలియకుండా పద్యం అప్పజెప్పే పిల్లవాడిలాగా కళ్ళు కంపెనీ బొమ్మల పుస్తకం మీద పెట్టి గడగడా చెప్పుకుపోయాడు. నడుమ ఆ వైద్యుడు "పూటకు ఎంత పడుతుంది?" అని అడిగారట. వీడు ఆ ప్రశ్న మీదుగా బండి తోలేశాడు. ఆ మేనేజరు కోపగించలేదు, పదితప్పుల జాబితా ఇవ్వలేదు. "తరువాతి చోట ఒక్కటే చేయండి. ముందు ఆయన రోగుల గురించి ఒక ప్రశ్న అడగండి. అడిగి, ఆగండి" అన్నారు.

ఆ ఆగడం ఎంత కష్టమో మా వాడు తరువాత నాకు అభినయించి చూపించాడు. మూడు క్షణాల నిశ్శబ్దం మూడు గంటలుగా ఉంటుందట. కాని ఆ నిశ్శబ్దంలోనే ఒక పెద్ద వైద్యుడు, రక్తపోటు మాత్రలు సగం నెలకే మానేసే కూలిజనం గురించి చెప్పుకొచ్చారు. ఖరీదైన మందు వ్రాస్తే రెండో నెల రారు, పక్షవాతంతో వస్తారు అన్నారు. ఏ హోటలు శిక్షణలోనూ వీడికి తెలియని సంగతి అది. అప్పటినుండి వీడు ధర ముందు చెప్పడం, ఆ వీధి మందుల షాపులో సరుకు ఉన్నదో లేదో చూసుకుని మరీ లోపలికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

మరి అమ్మకాలు పెరిగాయా? పెరిగాయి. అయితే ఇక్కడ తొందరపడి ఢంకా వాయించను. వానాకాలం వస్తే జ్వరాల మందులు వాటంతట అవే కదులుతాయి. ఆ పెంపును శిక్షణ ఖాతాలో వ్రాసుకునే మేనేజర్లు కొల్లలు. మరొక చిక్కు కూడా ఉంది. మొదటాయన కాలంలోనూ కాగితం మీద లెక్కలు బాగానే ఉండేవి. ఎలాగంటే, నెలాఖరు రోజున స్టాకిస్టును బతిమాలి సరుకు దించేవారు. కంపెనీ నుండి స్టాకిస్టుకు చేరింది గనుక అది అమ్మకమే. అక్కడినుండి షాపుకూ, షాపు నుండి రోగికీ చేరిందా అని అడిగేవారు లేరు. ఆ పెట్టెలలో కొన్ని గడువు తీరి వెనక్కి వచ్చేవి. బెదిరింపు వలన పెరిగేది ఇదీ. వీడు ఆ రోజుల్లో కలవని వైద్యుణ్ణి కలిసినట్టు రిపోర్టు కూడా వ్రాశాడట. తరువాత ఎప్పుడో నాతో ఒప్పుకున్నాడు. రెండవ ఆయన కాలంలో మారినది ముఖ్యంగా అది. వీడు తప్పులు దాచడం మానేశాడు. నా దృష్టిలో అసలు పనితనం అక్కడ మొదలయింది. అంకెలు తరువాత నెమ్మదిగా కదిలాయి.

దీని మీద పరిశోధకులు చెప్పిన మాట ఒకటి నాకు బాగా నచ్చింది. చేసిన పని ఎలా ఉన్నదో తిరిగి చెప్పడం వలన పనితనం పెరుగుతుందా అని క్లూగర్, డినిసి అనే ఇద్దరు 1996లో అంతకు మునుపటి పరిశోధనలనన్నింటినీ పోగుచేసి లెక్క కట్టారు. సగటున పెరుగుతుందన్నారు. కాని మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో తగ్గిందని కూడా తేల్చారు! విమర్శ పని మీద నుండి మనిషి మీదికి మళ్ళినకొద్దీ దాని ఫలం క్షీణిస్తుందని వారి వివరణ. "పక్క ఊరివాడు చేయగలిగింది నువ్వెందుకు చేయలేవు" అన్న వాక్యంలో పని ఎక్కడుంది? ఉన్నదంతా మనిషే.

ఇది చదివినప్పుడు నాకు నా ఎర్రసిరా గుర్తుకు వచ్చింది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో వ్యాసాలు దిద్దితే పుటంతా రక్తసిక్తంగా ఉండేది. ఒత్తులు, అరసున్నలు, శకటరేఫలు, ఏదీ వదిలేవాణ్ణి కాదు. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు రెండు పుటలు వ్రాసేవాడల్లా క్రమంగా పది పంక్తులకు వచ్చాడు. కారణం అడిగితే "తక్కువ రాస్తే తక్కువ తప్పులండి" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది. తరువాత వారానికి ఒకే రకం తప్పు దిద్దడం మొదలుపెట్టాను. ఈ వారం ఒత్తులు మాత్రమే. మిగిలినవి కనబడినా కళ్ళు మూసుకోవడమే. కళ్ళు మూసుకోవడం పండితునికి ఎంతటి తపస్సో చెప్పనలవి కాదు. మా వాడి తమిళ మేనేజరు ఏ శిక్షణ కళాశాలలోనూ చదవకుండానే ఆ కిటుకు గ్రహించారు.

అమెరికాలో జాయిస్, షవర్స్ అనే విద్యావేత్తలు 1980 ప్రాంతంలో మా ఉపాధ్యాయుల గురించే ఇటువంటి మాట అన్నారు. సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, అభ్యాసం చేయించినా చాలదు, తరగతి గదిలోకి ఎవరో వెంట వచ్చి చూస్తేనే నేర్చుకున్నది పనిలోకి దిగుతుందని. వేసవి శిక్షణ శిబిరాలలో సమోసాలు తిని వచ్చిన మాకు ఇది వేరే చెప్పవలెనా!

ఒక విషయంలో మాత్రం వ్యాపార పండితులతో నాకు పేచీ ఉంది. డిక్సన్, ఆడమ్సన్ అనేవారు 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్రాస్తూ, అమ్మకాలవారిలో అగ్రగణ్యులకూ అట్టడుగువారికీ ఈ కోచింగు వలన పెద్ద ప్రయోజనం లేదు, నడిమివారికే మేలు అన్నారు. మధ్య బల్లలవారిని ఎవరూ పట్టించుకోరన్నది నిజమే, తరగతిలోనూ అంతే. కాని చివరి బల్ల సంగతి నేను ఒప్పుకోలేను. మొదటాయన పట్టికలో మా వాడు అట్టడుగునే ఉండేవాడు. పట్టిక ఎవరు గీశారన్న దానిని బట్టి కూడా చివరి బల్ల ఎక్కడో తేలుతుంది.

ఇంకొక సంగతి. ఎంత చక్కగా నేర్పినా, దేనిని నేర్పుతున్నామన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వైద్యులకు కానుకలిచ్చి మందులు వ్రాయించుకోరాదని మందుల కంపెనీలకు 2015లో స్వచ్ఛంద నియమావళి వచ్చింది, 2024 మార్చిలో క్రొత్తది ప్రకటించారు. కానుక సంచిలో నుండి పోతే మిగిలేది మాటే. ఆ మాట నిజమైనదైతేనే నేర్పు శోభిస్తుంది. అవసరం లేని మందును మృదువుగా అంటగట్టడం నేర్పేవాణ్ణి నేను గురువని పిలవలేను, ఎంత ఓర్పుగా నేర్పినా సరే.

మరునాడు ఉదయం కాఫీ దగ్గర మా వాడితో మెల్లగా అన్నాను: "నిన్న ఫోనులో నీ గొంతు విన్నాను. మీ మొదటి మేనేజరు గొంతులాగా ఉంది."

కాసేపు మాట్లాడలేదు. తరువాత "మామయ్యా, నాకింద ఆరుగురున్నారు. ఒక్కొక్కరితో రోజంతా తిరిగితే పైవాళ్ళకు రిపోర్టులెవరు పంపుతారు? ఆయనకు ఆ రోజుల్లో ఇన్ని వాట్సాప్ గుంపులు లేవు. ప్రతి సాయంత్రం అంకె అడుగుతారు, ఆ అంకె నేను వీళ్ళను అడగాలి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. రిపోర్టు అడిగేవాడే నేర్పవలసినవాడు కూడా అయితే, ఎదుటివాడు దేనికి తల ఒగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. నేనూ పరీక్ష పెట్టి, నేనే మార్కులు వేసి, నేనే నేర్పినవాణ్ణి. ఆ రెండు పాత్రలూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయో ముప్ఫై ఏళ్ళలో నాకూ పూర్తిగా అంతుపట్టలేదు.

"ఆ కుర్రవాడు ఏ ఊళ్ళు తిరుగుతాడురా?" అని మాత్రం అడిగాను.

"అమలాపురం వైపే. నేను తిరిగినవే."

గ్లాసు క్రింద పెట్టి, ఫోను తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. పావుగంట పైనే మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు వినబడలేదు, ఈసారి గొంతు చిన్నది. లోపలికి వచ్చి, పెళ్ళి అయిన మరునాడు ఉండిపొమ్మన్న వాళ్ళ అత్తయ్యతో "లేదత్తయ్యా, గురువారం పొద్దున్నే ఆ కుర్రాడి బండి మీద అమలాపురం వెళ్ళాలి" అన్నాడు.