పాఠ్యపుస్తకంలో మన సమ్మె

పాఠశాల పుస్తకాలపై పరిశోధన పండితుల వ్యాపకమనీ, రైళ్లు నడిపేవారికీ, ఉత్తరాలు బట్వాడా చేసేవారికీ దానితో నిమిత్తం లేదనీ అనుకునేవారున్నారు. మేము అలా భావించడం లేదు. రేపటి తరం మన పోరాటాలను ఏ దృష్టితో చూస్తుందన్నది చాలావరకు నేటి తరగతి గదిలోనే నిర్ణయమవుతోంది.

ఐరోపాలో ఈ పరిశోధన రెండవ ప్రపంచ యుద్ధపు శిథిలాల నడుమ బలపడింది. 1951లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరంలో చరిత్రకారుడు గెయోర్గ్ ఎకర్ట్ అంతర్జాతీయ పాఠ్యపుస్తక సంస్థను స్థాపించారు. వివాదాస్పద చారిత్రక ఘట్టాలపై జర్మన్, ఫ్రెంచి చరిత్రకారులు, ఉపాధ్యాయులు ఉమ్మడి సిఫారసులు వెలువరించింది కూడా ఆ సంవత్సరమే. పోలండుతో ఉమ్మడి సంఘం 1972లో ఏర్పడి, 1976లో తన సిఫారసులను ప్రకటించింది. ఈ కృషి ఆరంభంలో ఉపాధ్యాయ సంఘాలు చేయి కలపడం గమనార్హం. పొరుగు దేశాన్ని పిల్లలకు శత్రువుగా చూపుతున్నామా అన్నదే అక్కడి ప్రధాన ప్రశ్న. జపానులో వివాదం ప్రభుత్వానికీ రచయితకూ మధ్య నడిచింది. పుస్తకాల ముందస్తు తనిఖీని సవాలు చేస్తూ చరిత్రాచార్యుడు ఇయెనాగా సబురో 1965లో మొదలుపెట్టిన వ్యాజ్యాలు 1997 వరకు సాగాయి.

దేశాల మధ్య తగాదాను వదలి, దేశం లోపలి వర్గాల మాట ఎత్తిన పరిశోధన అమెరికాలో వచ్చింది. మనకు అన్నిటికంటే దగ్గరిది అదే. 1979లో జీన్ ఆన్యన్ అక్కడి 17 ఉన్నత పాఠశాల చరిత్ర పుస్తకాలను పరిశీలించారు. అంతర్యుద్ధం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ దేశంలో 30,000కు పైగా సమ్మెలు జరిగాయి. కాని 14 పుస్తకాలు ఎంచుకున్నవి అవే మూడింటి నుంచి: 1877 రైల్వే సమ్మె, 1892 హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మె, 1894 పుల్‌మన్ సమ్మె. మూడూ హింస చెలరేగినవే, మూడూ కార్మికులు ఓడినవే. పుల్‌మన్ సమ్మెను మన సభ్యులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రైల్వే కార్మికుల మీదికి కోర్టు ఉత్తర్వునూ సైన్యాన్నీ పంపడానికి ప్రభుత్వం చూపిన సాకులలో ముఖ్యమైనది తపాలాకు అంతరాయం కలుగుతోందనడం! ఒకరి పనిని అడ్డుపెట్టి మరొకరి సమ్మెను అణచారు.

దక్షిణాసియాకు వస్తే, పాకిస్తాన్ పుస్తకాలలోని వక్రీకరణలను కె.కె. అజీజ్ 1993లో గ్రంథస్థం చేశారు. స్వాతంత్ర్యోద్యమాన్ని ఇరు దేశాల పుస్తకాలు ఎట్లా చెబుతున్నాయో కృష్ణకుమార్ 2001లో పోల్చి చూపారు. రెండూ అవసరమైన కృషులే. అయితే వాటి దృష్టి ప్రధానంగా జాతి, మతం, విభజనల మీదే నిలిచింది. ఆన్యన్ వేసిన ప్రశ్నను మన పుస్తకాలకు మనమే వేయవలసి ఉంది.

ఒక ఉదాహరణ చాలు. 2007లో వెలువడిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండవ తరగతి రాజనీతి పుస్తకంలో 1974 రైల్వే సమ్మెకు చోటు దక్కింది. ఏమని? ఇరవై రోజుల తర్వాత పరిష్కారం లేకుండానే విరమించవలసి వచ్చిందని. అది వాస్తవమే, కాదనలేం. కాని అమెరికా పుస్తకాలు ఏరుకున్నదీ ఇటువంటి సమ్మెలనే. అదే పుస్తకంలో ప్రజా ఉద్యమాలపై ఒక అధ్యాయం ఉండేది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటం అందులో ఉండేది. భారం తగ్గించే పేరిట 2022లో ఆ అధ్యాయాన్ని మొత్తంగా తొలగించారు. భారం ఎవరికో వివరించలేదు.

అందుచేత శాఖలన్నిటికీ మా వినతి ఇది. మీ పిల్లల చరిత్ర, పౌరశాస్త్ర పుస్తకాలను, కేంద్ర ప్రచురణలైనా రాష్ట్ర ప్రచురణలైనా, తెరచి చూడండి. 1946 జూలై తపాలా సమ్మె, 1960 జూలైలోనూ 1968 సెప్టెంబరు 19నా జరిగిన కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మెలు, 1974 మే రైల్వే సమ్మె: వీటికి ఎన్ని పంక్తులు కేటాయించారో, డిమాండ్లను పేర్కొన్నారో లేక ప్రయాణికుల ఇబ్బందులనే చెప్పారో తరగతి, పుట సంఖ్య, ముద్రణ సంవత్సరాలతో సహా రాసి పంపండి. ఉపాధ్యాయ సంఘాల మిత్రులను కూడా ఇందులో కలుపుకోండి.